తాడు పట్టినవాడి వాటా

విశాఖపట్నం
ఆస్పత్రి, మూడో వార్డు
1983 జులై

బావా వరహాలూ,

ఎండు నెత్తళ్ళు కూడా వద్దంట. కల్లు వద్దన్నారు, ఊరుకున్నాను. చుట్ట వద్దన్నారు, దాన్నీ ఓర్చుకున్నాను. జాలరిపేటలో పుట్టినవాణ్ణి పట్టుకుని ఎండుచేప ముట్టుకోవద్దంటే, ఇంక నన్ను బతికించి ఏం చేసుకుంటారు బావా? నాకిచ్చే పసుపు గొట్టం మాత్రలు కడుపులో ఉండగా ఎండుచేప గానీ కల్లు గానీ పడితే రక్తం పోటెక్కి తల పగిలిపోతుందంట. సిస్టరు గౌరీశ్వరి అట్టముక్క మీద రాసి నా మంచం తలాపున కట్టింది. నాకు చదువొచ్చని మర్చిపోయి బొమ్మ కూడా వేసింది. చేప బాగా కుదిరింది. చూసినప్పుడల్లా నోరూరుతోంది.

ఉత్తరాలు చదివి ముద్రేసే జైలు అయ్యగారికి నమస్కారం. ఇందులో తమరికి పనికొచ్చేదేమీ లేదు. ఒంట్లో బాగులేనివాడు చెల్లెలి మొగుడికి రాసుకునే సోది.

రెండేళ్ళ కిందట నా మెడకి నిమ్మకాయలంత బిళ్ళలు కడితే కరెంటు పెట్టి మాడ్చారు గదా. అణిగాయి. మొన్న ఎండలకి మళ్ళీ లేచాయి, ఈసారి చంకల్లోకి, గజ్జల్లోకి చుట్టాల్ని కూడా తెచ్చుకున్నాయి. డాక్టరు భీమశంకరరావు గారు దీన్ని లింఫోమా అంటారు. ఒకసారి అణిగి తిరిగొచ్చినదానికి ఏ మందు పనిచేస్తుందో ఎవరికీ రూఢిగా తెలీదంట. అది తేల్చడానికి నాలాంటి వాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఎర్ర మందు, ఇంకా రెండు మూడు, అన్నీ సూదులే. రెండో జట్టుకి వేరే సూదులు, వాటితోపాటు రోజూ మింగడానికి పసుపు గొట్టాలు, తెల్ల మాత్రలు. ఎవరిది ఏ జట్టో డాక్టరు చెప్పకూడదు. అతికించిన కవరు చించితే లోపలి చీటీ చెప్తుంది. నా చీటీలో గొట్టాలొచ్చాయి.

"మరి మీ మనసుకి ఏ జట్టు మేలనిపిస్తాది బాబూ?" అని అడిగాను.

"తెలిస్తే కవర్లెందుకు దాలయ్యా," అన్నారాయన.

నిజం చెప్పే డాక్టర్ని అప్పుడే మొదటిసారి చూశాను. భయమేసింది. ఒప్పుదల కాయితం మీద వేలిముద్ర అడిగితే సంతకమే పెట్టాను. మా ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా తిన్న బెత్తం దెబ్బలకి అదొక్కటే మిగిలింది.

మందు పడిన రోజు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు, లాకప్పు చూసినవాడివి. ముందు కీళ్ళ మీద కొడుతుంది. తరవాత కడుపులో చెయ్యి పెట్టి పేగుల్ని తాడు లాగినట్టు లాగుతుంది. నోరంతా పుళ్ళు, గాజుపెంకులు నమిలినట్టుంటుంది. అన్నం అయిపోయాక పసరు, పసరు అయిపోయాక నెత్తురు చార. పైగా కొట్టినందుకు మనమే దండం పెట్టాలి.

జుట్టు మొత్తం ఊడింది. మంగలికి నా మీద కోపంగా ఉంటుంది.

చెల్లి పైడితల్లి రోజూ గంజి తెస్తుంది. వచ్చే వారం నిన్ను చూడ్డానికి రాజమండ్రి వస్తానంది. నా పక్క మంచం మీద ఒకడున్నాడు. మాట్లాడడు. వాడి గురించి రాయడానికేమీ లేదు.

నీ బావ
దాలయ్య

*

రాజమండ్రి
సెంట్రల్ జైలు
1983 ఆగస్టు

బావా,

నాను సెప్పింది సెప్పినట్టు రాయమని మా గదిలో మేస్టారికి సెప్పినాను. ఈయన పెళ్ళాన్ని సంపీసి వచ్చినాడు గానీ సేతిరాత ముత్యాలు.

మీ సెల్లి ములాకత్‌కి వచ్చింది. నువ్వు దాసింది అది సెప్పీసింది. నీ పక్క మంచం మీద టేకు సేప పడ్డాదంట. ఒంటి రెక్క టేకు. రెండో రెక్క ఎవుడు కోసినాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. రాయడానికి ఏటీ లేదన్నావు. అంత సేప నీ పక్కన పడుంతే రాయడానికి ఏటీ లేదేటి?

తోకకి ముల్లున్న టేకు నావలో పడితే ఏటి సేత్తాం బావా? కాలు పెట్టకముందే తల మీద కర్రతో ఒక్కటి ఏత్తాం. మళ్ళీ కదల్తే ఇంకోటి. నీ సేతిలో కర్ర లేకపోతే తలగడుంది. తలగడకి సప్పుడుండదు.

నీకు సేతకాకపోతే ఊరుకో. పెరోలుకి అర్జీ పెట్టినాను. బావమరిది సావుబతుకుల్లో ఉన్నాడని మీ డాక్టరు కాయితం రాత్తే నాలుగు రోజులు వదుల్తారంట. ఆ కాయితం రాయించు. మిగిలింది నాను సూసుకుంతాను. టేకుని ఎలాగ కొయ్యాలో నాకు తెలుసు, ఒకసారి సగమే కోసి ఒదిలీసినాను, అదే నా తప్పు.

నీ ఉత్తరం సదివి, సేపల కబుర్లు రాసుకుంతన్నామని గేటు అయ్యగారు నవ్వినారు.

వరహాలు

*

విశాఖపట్నం
మూడో వార్డు
1983 సెప్టెంబరు

బావా,

ఇది పోస్టులో కాదు, చెల్లి కొంగున కట్టి పంపుతున్నాను. దానికి చదువు రాదు గనక దాని చేతిలో ఉత్తరం బ్యాంకు పెట్టెలో ఉన్నట్టే. ఇంక చేప అనక్కర్లేదు. పేరే రాస్తాను. అర్జునరావు.

వాణ్ణి తెచ్చి పక్క మంచం మీద పడేసిన రోజున నేను గుర్తుపట్టలేదు. జుట్టు లేదు, మెడ పొట్లకాయలా ఉబ్బింది. దుప్పటి తీశాక ఎడం చెయ్యి మోచేతి పైనే ఆగిపోయి కనబడింది. అప్పుడు గుర్తుపట్టాను. నీ పనితనం గదా.

నీకు తెలిసిందే రాస్తున్నాను, విసుక్కోకు. ఆ రోజు నుంచి ఇది నోటితో పలకలేదు, కాగితం మీదైనా ఒకసారి కక్కనీ. ఆ రాత్రి మన నూకరాజు తెప్ప మీద నిలబడి లాంతరు ఊపుతూనే ఉన్నాడు. అర్జునరావు మరబోటు రొయ్యల వల ఈడ్చుకుంటూ తిన్నగా వచ్చింది. తెప్పని చీల్చుకుని పోయింది. తెప్ప మీంచి నేను నీళ్ళలో పడి నూకరాజుని పిలుస్తూ ఉన్నాను, నా నోట్లోకి ఉప్పునీళ్ళూ ఆయిలూ వచ్చాయి. మర కింద నీళ్ళు ఎర్రగా తిరిగాయి. మేనల్లుణ్ణి భీమిలి గట్టు దాకా వెతికి ఏరుకున్నాం. ఏరుకున్నాం అని ఎందుకంటున్నానో తండ్రివి, నీకు తెలుసు. తరవాత నువ్వు హార్బరు జెట్టీ మీద కోనెం చేప కోసే కత్తితో అర్జునరావు మెడకి వేశావు. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి ఐసు పెట్టెలో రొయ్యల మీద పడింది. వేళ్ళు ఇంకా ఆడుతున్నాయి. నీకు ఏడేళ్ళు పడ్డాయి. అప్పట్లో ఏడేళ్ళకి అది చవక బేరమే అనుకున్నాను.

ఇప్పుడు తలగడ మాట. నువ్వు రాయకముందే ఆ పని మొదలెట్టాను బావా. పట్టపగలే. అన్నం బండి వార్డు చివరికి వెళ్ళింది, అందరూ కంచాలు పట్టుకుని దాని వెనక పోయారు. సూది మత్తులో వాడు వెల్లకిలా పడున్నాడు. నా తలగడ తీసుకుని వాడి మీదకి వంగాను. మొహం మీద పెట్టబోతున్నాను. సరిగ్గా అప్పుడే నా కడుపు తిరగబడింది. తలగడ వాడి గుండె మీద పడింది, నేను నేల మీద పడ్డాను. ఊపిరి ఆడక, కక్కు బయటికి రాక గిలగిల్లాడుతున్నాను. వాడు లేచాడు. కాలితో బేసిను లాగాడు, ఉన్న ఒక్క చెయ్యీ నా నుదుటి కింద పెట్టి తల ఎత్తి పట్టుకున్నాడు. తన గుండె మీంచి జారిన తలగడని చూశాడు. నన్ను చూశాడు.

"మావా, ముందు కక్కీ. సంపడం తరవాత," అన్నాడు.

నేను కక్కాను. ఏం చెయ్యను, వాడు చెప్పింది న్యాయంగానే ఉంది.

బావా, అలివి వల ఒడ్డుకి లాగేటప్పుడు మన గట్టు మీద న్యాయం ఏమిటి? దారిన పోయేవాడైనా, పగవాడైనా, తాడు మీద చెయ్యి వేశాడంటే వాటా పడాల్సిందే. మీ నాన్న కూడా, తన మీద కేసు పెట్టినవాడు తాడు పట్టాడని ఇసకలో వాడి చేపల పోగు వాడికి పెట్టాడు. పెట్టి, తల మీద మొట్టాడు, అది వేరు సంగతి. అర్జునరావు నా తాడు పట్టాడు.

ఇంకోటి విను. వాడి జట్టుకి అన్నీ సూదులే. సూదికి నరం కావాలి. నువ్వు ఒక చెయ్యి తీసేశావు గనక ఉన్నది ఒకే చెయ్యి. ఆ నరంలోంచి ఎర్ర మందు పక్కకి కారింది. కారినచోట కండ నిప్పు పడినట్టు మాడి, నల్లబడి, ఊడొచ్చింది. ఎముక కనబడింది. డాక్టరు సూదులు ఆపేశారు. అంటే నీ కత్తి ఇంకా కోస్తూనే ఉంది బావా, నువ్వు తొందరపడక్కర్లేదు. మందు లేకుండా వాడలా పడుంటే, నా దగ్గర పొట్లం నిండా గొట్టాలు. సిస్టరు అటు తిరగ్గానే సగం వాడి చేతిలో పోస్తున్నాను. వాటా అంటే వాటా.

పెరోలు కాయితం మాత్రం అవదు. నేను బాగున్నాను. రాయొద్దని డాక్టరుకి చెప్పేశాను.

దాలయ్య

*

రాజమండ్రి
1983 సెప్టెంబరు

బావా,

ఇదీ, ఇకమీదటవీ మీ సెల్లి సేతే వత్తాయి.

తాడు పట్టినోడికి వాటా అని నాకే పాటం సెప్తన్నావు. మా బాబుని సాచ్చికానికి తెస్తన్నావు. ఆడు బేసిను పట్టినాడు, సరే. నా కొడుకు లాంతరు పట్టినాడు. ఆడి వాటా ఏదీ? మర కింద ముక్కలేనా?

నీ కడుపు తిరగబడిపోయిందని నా పగ ఆగిపోవాలేటి? మేస్టారు ఈ ముక్క రాయనన్నాడు. పీక నొక్కుతానంతే రాసినాడు.

నువ్వు బాగోలేవు. సొక్కా కింద బిళ్ళలు కోడిగుడ్లలాగ ఉన్నాయని మీ సెల్లి ఏడిసింది. నన్ను రానీకుండా ఉండడానికి రోగాన్ని దాత్తన్నావు. లోకంలో అందరూ సెలవు కోసం లేని రోగం సెప్తారు. ఉన్న రోగాన్ని లేదన్నోణ్ణి నిన్నే సూసినాను.

ఎప్పుడో ఒకప్పుడు నీ డాక్టరు రాత్తాడు. ఆ రోజు నాను వత్తాను. కత్తి ఎక్కడ దాసినానో మీ సెల్లికి తెలుసు.

వరహాలు

*

విశాఖపట్నం
మూడో వార్డు
1983 అక్టోబరు

బావా,

ముందు చెల్లి సంగతి. బాగుంది. ఇంట్లో ఉంది. చెంప వాపు తగ్గింది. ఈ మూడు ముక్కలూ విన్నాక ఒకసారి మంచినీళ్ళు తాగి మిగతాది విను.

నిన్ను చూసి వచ్చిన రోజున అది రైలు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. దారిలో తినడానికి పట్టుకెళ్ళిన అన్నం, ఎండు నెత్తళ్ళ వేపుడు క్యారేజీలో అలాగే ఉన్నాయి. నా మంచం పక్కన కింద కూర్చుని మూత తీసింది. ఆ వాసనకి వార్డంతా తల తిప్పింది. అర్జునరావు కళ్ళు మూసుకున్నాడు. వాడి కోసం ఎవరూ రారు బావా. బోటు ఓనరు రాలేదు, పెళ్ళాం పుట్టింటికి పోయింది. ఎన్నాళ్ళుగానో ఆస్పత్రి అన్నమే.

"ఆడికి కొంచెం ఎట్టు," అన్నాను.

అది నావంక చూసింది. "నా సేత్తోనా?" అంది.

"నాకెలాగూ పనికిరాదు. ఆడికి నిషేదం లేదు గదా," అన్నాను.

వాడి వైపు చూడకుండానే కంచంలో పెట్టింది. వాడూ దాని వైపు చూడకుండానే తిన్నాడు. ఆ అట్టముక్క నా తలాపున కట్టింది గనక ఆ నిషేధం నా మంచానిదే అనుకున్నాను. గొట్టాలు వాడి కడుపులోనూ ఉన్నాయని, పోసింది నేనేనని, ఆ నిమిషాన తట్టలేదు. గొట్టాలకి వాటా వేశాను, పథ్యానికి వెయ్యలేదు.

కాసేపటికి వాడు తల పట్టుకున్నాడు. "మావా, బుర్రలో మర తిరగతన్నాది," అన్నాడు. మొహం కందగడ్డ అయింది. ముక్కుల్లోంచి నెత్తురు కారలేదు, చిమ్మింది. ఎదురు గోడ మీద పడింది. తరవాత ఫిట్లు. మంచం కోళ్ళు నేల మీద దడదడా కొట్టుకున్నాయి, నాలిక కొరుక్కున్నాడు, ముగ్గురు పట్టుకున్నా ఆగలేదు. అప్పుడు ఎవరో అన్నారు: "ఆ సచ్చిపోయిన గుంటడి తల్లే కదా ఈవిడ. కూట్లో ఇసం పెట్టీసింది." అంతే. ఎదురు వరసలో రోగులు, నిలబడ్డానికి ఓపిక లేనివాళ్ళు కూడా, లేచొచ్చి చెల్లి జుట్టు పట్టుకున్నారు. క్యారేజీతోనే దాని మొహాన కొట్టారు. పోలీసు వచ్చి ఇంకో రెండు వేసి తీసుకెళ్ళాడు. "ఇసం ఎట్టలేదు" అని కూడా అది అనలేదు బావా. అంటే, పెట్టి ఉంటే బాగుండునని అనుకుంటున్నదేమో, నేను అడగలేదు.

నేను వరండాలో పాక్కుంటూ పోయి డాక్టరు కాళ్ళ దగ్గర పడ్డాను. "ఇసం కాదు బాబూ, గొట్టాలు. నావి. నేనే ఇచ్చినాను," అన్నాను.

భీమశంకరరావు గారు గొంతు ఎత్తగా ఎప్పుడూ వినలేదు. "ఇదేమైనా చేపల పంపకమా? సగం మందు సగం గడ్డని చంపదయ్యా. గడ్డకి కసరత్తు నేర్పిస్తుంది. వాణ్ణి ఒక దెబ్బతో చంపబోయావు, నిన్ను నువ్వు రోజుకింత చంపుకున్నావు. పైగా నా పరీక్షలో మీ ఇద్దరి ఫలితం ఇప్పుడెవడికీ పనికిరాదు. మీ తరవాత వచ్చేవాళ్ళకి నేనేం చెప్పాలి?" అన్నారు. ఆఖరి మాట అనేటప్పుడు గొంతు దిగిపోయింది. కొట్టినా బాగుండేది.

ఆయనే పోలీసుకి రాసిచ్చి చెల్లిని విడిపించారు. మా ఇద్దర్నీ జట్లలోంచి తీసేశారు. అర్జునరావు చావలేదు. ఒక కన్ను నెత్తురు గడ్డకట్టి ఎర్రగా మిగిలింది.

చెల్లి విషం పెట్టిందని నువ్వు గర్వపడకు బావా. అది అన్నమే పెట్టింది. నీకు అదింకా కష్టమని తెలుసు, అయినా రాస్తున్నాను.

నిజంగా వాటాయే ఇచ్చానా, లేక చెయ్యి తెలివిగా మనసుకి చెప్పకుండా విషమే ఇచ్చిందా అని చాలాసార్లు నన్ను నేనే అడిగాను. తలగడ పట్టుకున్నది కూడా ఈ చెయ్యే గదా.

ఇంక పెరోలు. నా మెడ మీద కోడిగుడ్లు ఇప్పుడు బాతుగుడ్లయ్యాయి. డాక్టరు నన్ను అడక్కుండానే కాయితం రాసేశారు. నువ్వొస్తావు. కత్తి మాత్రం తేకు. అర్జునరావుని చంపడానికి ఇక్కడ పెద్ద వరసే ఉంది. ముందు బిళ్ళలు, వాటి వెనక మందు, దాని వెనక నేను. నీది నాలుగో నంబరు.

దాలయ్య

*

రాజమండ్రి
1983 డిసెంబరు

బావా,

తిరిగి వచ్చి పడ్డాను. నువ్వు ఆవేళ సగం సగం తెలివిలో ఉన్నావు. సూసింది ఎంతో, సూడంది ఎంతో. అందుకే రాయిత్తన్నాను.

కత్తి తెచ్చినాను. మీ సెల్లి ఇంకో సోట దాసీసి ఇవ్వలేదు, నానే ఎతికి తీసినాను. నాతో వచ్చిన కానిస్టేబులు టీకి పోనాడు. నువ్వు గోడ వైపు తిరిగున్నావు. అర్జునరావు కళ్ళు తెరిసే ఉన్నాడు. నన్ను సూసి లెగబోనాడు, లెగలేకపోనాడు.

"వచ్చీసినావా," అన్నాడు.

ముందు కత్తి తియ్యలేదు. సేత్తోనే సంపాలని రెండు సేతులా పీక పట్టుకున్నాను. బావా, పీక దొరకలేదు. నా ఏళ్ళ కింద అన్నీ గడ్డలే. రాళ్ళ సంచీ పట్టుకున్నట్టుంది. ఎంత నొక్కినా పీక లోపలెక్కడో ఉంది. ఆణ్ణి నాకన్నా ముందే ఎవుడో పిసుకుతన్నాడు. నాకన్నా బాగా పిసుకుతన్నాడు.

కొంచెం వదిలి అడిగినాను, "లాంతరు సూసినావా, లేదా?"

"సూసినాను," అన్నాడు. "వల నిండా రొయ్యలు. బోటు తిప్పితే వల తెగిపోద్ది. గుంటడు గెంతీత్తాడు అనుకున్నాను."

అబద్దం ఆడతాడనుకున్నాను. ఆడితే పొడిసీసేవోణ్ణి. ఐదేళ్ళూ ఆ మాట కోసమే ఉన్నాను. తీరా ఇన్నాక సెంప మీద కొట్టినాను. మళ్ళీ కొట్టినాను. పళ్ళూడి వచ్చినాయి, ఎండిపోయిన పళ్ళు, దెబ్బకి కాదు. అప్పుడు కత్తి తీసినాను.

అంతలో నువ్వు మొదలెట్టినావు. ఎనక నుంచి ఎవుడో గొంతు కోసిన మేకలాగ సప్పుడు. నువ్వు మంచం మీద నుంచి సగం ఏలాడతన్నావు, నోట్లోంచి నెత్తురు. ఆడు నెత్తురు నోటితోనే అన్నాడు, "ముందు బేసిను అందుకోరా వరహాలూ. నా సెయ్యి పని సెయ్యదు."

కత్తి కింద పెట్టకుండా బేసిను పట్టలేను గదా బావా.

పట్టినాను. అంతసేపూ పట్టుకునే ఉన్నాను. కానిస్టేబులు వచ్చి సూసి, మంచి బావమరిది సేవ అనుకున్నాడు. ఆడు రాకముందే కత్తిని, గంజి తెచ్చిన మీ సెల్లి గంపలో ఏసీసింది.

నాను ఆణ్ణి ఒగ్గీసినాననుకోకు. ఇంక రెండేళ్ళుంది నాకు. ఆడు రోగంతో సావకూడదు. రోగంతో సత్తే అది నా కొడుకు పేరున పడదు. నానొచ్చేదాకా ఆణ్ణి బతికించు. ఏ మందైనా పొయ్యమను. ఇది నీ పూచీ.

వరహాలు

*

విశాఖపట్నం
మూడో వార్డు
1984 ఫిబ్రవరి

బావా,

నువ్వు అప్పజెప్పిన పని నడుస్తోంది. చంపడానికి బతికించే కాంట్రాక్టు నాకు దొరికిందని అర్జునరావుకి చెప్పాను. వాడు నవ్వాడు. ముందు పళ్ళు లేకపోవడం వల్ల నవ్వు ఇప్పుడు చంటిపిల్లాడి నవ్వులా ఉంది. "అయితే నా పేనానికి ఇద్దరు కాపలా, మావా. డాక్టరొకడు, మీ బావొకడు. ఇంత బతుకు బతికినా బోటు ఓనరుక్కూడా ఇన్ని కాపలాల్లేవు," అన్నాడు.

ఈసారి జట్లు లేవు, చీటీలు లేవు. తిరగబడినదానికీ లొంగనిదానికీ ఎక్కడో వాడి చూశారంట కొత్త కూర్పు ఒకటి, మూడు మందులు కలిపి. "పనిచేస్తుందని చెప్పను," అన్నారు డాక్టరు. "చెప్పకండి బాబూ, మీరు నిజం సెప్పినప్పుడల్లా నాకు జొరమొస్తన్నాది," అన్నాను. అర్జునరావుకి కాలి నరంలోంచి ఎక్కిస్తున్నారు. గొట్టాలు ఇప్పుడు సిస్టరు గౌరీశ్వరి ఎదురుగా మింగాలి, మింగి నోరు తెరిచి నాలిక ఎత్తి చూపించాలి. అట్టముక్క రెండు మంచాలకీ కట్టింది. వాడి చేప నా చేపకన్నా బాగా వచ్చింది.

వాడి మెడ తగ్గుతోంది బావా. మొన్న డాక్టరు కొలత టేపు పెట్టి చూసి, మళ్ళీ పెట్టి చూశారు. గడ్డల మధ్య పీక కనబడుతోంది. నీకు శుభవార్తే గదా, నువ్వొచ్చేసరికి పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

నా సంగతి అడగకు. నా బిళ్ళలకి ఆ సగం మందుతో చేసిన కసరత్తు బాగా ఒంటబట్టింది, పహిల్వాన్లలా ఉన్నాయి. ఈ ఉత్తరం కూడా మూడు రోజులుగా రాస్తున్నాను.

చెల్లి వస్తోంది. ఆ రోజు తరవాత కూడా వస్తోంది. రెండు గిన్నెలు తెస్తోంది. రెండోది ఎవరికో చెప్పదు, మంచాల మధ్య పెట్టి పోతుంది. పచ్చిచేపల పులుసు, ఎండువి కాదు. వాడు తింటాడు. వాడు గిన్నె కడగలేడు గనక నేను కడుగుతాను.

ఇంక అసలు మాట. నేను బతికున్నప్పుడే చెప్పాలి, తరవాత చెప్తే నువ్వు వినవు. నువ్వు నీ కొడుకు వాటా అడిగావు. అది నేను ఇవ్వలేను, వాడూ ఇవ్వలేడు. సముద్రంలో వేసిన దీపం అది. కానీ బావా, ఆ రోజు నువ్వు కూడా బేసిను పట్టావు. నా కక్కులో చేతులు పెట్టి, వాడు అడిగితే పట్టావు. అంటే ఈ తాడు మీద నీ చెయ్యి కూడా పడింది. ఇప్పుడు వాడు బతికితే ఆ బతుకులో డాక్టరుకి ఒక పోగు, చెల్లికి ఒక పోగు, నాకొక పోగు, నీకొకటి. మన గట్టు మీద వాటా ఉన్నవాడు వల కొయ్యడం ఎక్కడైనా చూశావా? కోసినా ఎవరి వాటా కోస్తున్నాడో ముందు చెప్పి కొయ్యాలి. నువ్వు బయటికొచ్చే రోజు నేను ఉండను. ఉంటే అడ్డం పడేవాణ్ణి, నువ్వు తోసేసేవాడివి, అక్కడితో సరిపోయేది. లేను గనక ఒక్కటే అడుగుతున్నాను. కత్తి తీసే ముందు వాడి మంచం కింద చూడు. బేసిను అక్కడే ఉంటుంది. ఆ పూట దాన్ని పట్టడానికి ఎవరూ లేకపోతే, ముందు నువ్వు దాన్ని పట్టు. చంపడం తరవాత. ఉండు, వాడు పిలుస్తున్నాడు. "మావా, బేసిను" అంటున్నాడు. ఇందాక మందు ఎక్కించారు గదా, మొదలైనట్టుంది. సిస్టరు అటు చివర ఉంది, నేనే లేవాలి. లేచి వచ్చి మిగతాది రాస్తాను, నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే బావా, నువ్వు గనక ఆ రోజున